వృత్తి నిపుణుల బ్లాగింగ్

వృత్తి నిపుణుల బ్లాగింగ్ అంటే ఒక వృత్తిలో ఉన్నవారు తమ పనిలో ఎదురయ్యే సమస్యలను, పద్ధతులను, వాదోపవాదాలను సొంత వెబ్‌సైటులో తేదీల వారీగా, ఎవరైనా చదివేలా రాయడం. ఇంజినీర్లు, న్యాయవాదులు, డాక్టర్లు, గణితవేత్తలు, ఆర్థికవేత్తలు, విమర్శకులు ఇలా రాసినవారిలో ముఖ్యులు. విలేఖరి బయటి నుంచి చూసి రాస్తాడు. ఇక్కడ పని చేసేవారే రాస్తారు. పరిశోధన పత్రం సమీక్షకుల ఆమోదం కోసం నెలల తరబడి ఆగుతుంది. బ్లాగు టపా ఆగదు. అందులో పొరపాటు ఉంటే కింద వ్యాఖ్యల్లో చదువరులే పట్టుకుంటారు.

1990ల చివర మొదలైన ఈ అలవాటు ఇరవై ఏళ్లలో కొందరి జీవితాలను మలుపు తిప్పింది, కొన్ని రంగాల తీరునే మార్చింది. ఉద్యోగం ఇచ్చిన సంస్థ పేరు, హోదా, డిగ్రీల మీద ఆధారపడిన పరపతి కొంతమేర వ్యక్తి రాసిన రాత మీదికి మళ్లడం దీని ప్రధాన ఫలితం. సంస్థ అదుపులో లేని పరపతి కాబట్టే దీనివల్ల ఉద్యోగాలు పోయాయి, కోర్టు కేసులు వచ్చాయి, నియమావళులు పుట్టాయి.

ఆవిర్భావం

అమెరికన్ ప్రోగ్రామర్ డేవ్ వైనర్ 1997లో మొదలుపెట్టిన స్క్రిప్టింగ్ న్యూస్ తొలి బ్లాగుల్లో ఒకటి. అప్పట్లో వెబ్‌లో రాయాలంటే హెచ్‌టీఎంఎల్ తెలియాలి, ఫైళ్లను సర్వర్‌కి ఎక్కించడం రావాలి. అందుకే మొదటి తరం బ్లాగర్లలో సాఫ్ట్‌వేర్‌వాళ్లే ఎక్కువ. 1999 ఆగస్టులో పైరా ల్యాబ్స్ విడుదల చేసిన బ్లాగర్ ఈ అడ్డంకిని తొలగించింది. 2003లో గూగుల్ ఆ సంస్థను కొనేసింది. అదే ఏడాది మే నెలలో మ్యాట్ ములెన్‌వెగ్, మైక్ లిటిల్ ఉచిత సాఫ్ట్‌వేర్‌గా వర్డ్‌ప్రెస్‌ను విడుదల చేశారు. దాంతో డాక్టర్లు, వకీళ్లు, అధ్యాపకులు కూడా ఎవరి సాయమూ లేకుండా రాయగలిగారు.

వృత్తి బ్లాగులు నిలదొక్కుకోవడానికి మూడు సాంకేతిక ఏర్పాట్లు తోడ్పడ్డాయి. మొదటిది, ప్రతి టపాకూ మారని చిరునామా. దానివల్ల వేరొకరు తమ వాదనలో ఫలానా టపాను నేరుగా చూపించగలిగారు. రెండోది ఆర్‌ఎస్‌ఎస్. నెలకోసారి రాసే బ్లాగైనా కొత్త టపా పడగానే చదువరికి అందేది. మూడోది సెర్చ్. ఎన్ని పేజీలు, ఎలాంటి పేజీలు లంకె ఇచ్చాయన్నదాన్ని బట్టి గూగుల్ ఫలితాలను వరసలో పెట్టేది. ఒక చిన్న సాంకేతిక చిక్కు మీద ఒంటరి ఇంజినీరు రాసిన వివరణ పెద్ద కంపెనీ పేజీల కన్నా పైన కనిపించడం అలా సాధ్యమైంది.

వృత్తి జీవితంపై ప్రభావం

బ్లాగు వల్ల నేరుగా ఉద్యోగం రావడం తక్కువ. అది పని చేసే దారులు వేరు. బయోడేటాలో ఎవరైనా తనకు ఫలానా విద్య వచ్చని రాసుకోవచ్చు. బ్లాగులో ఆ విద్య పనిచేయడం కనిపిస్తుంది. సమస్యను ఎలా విడదీశారు, ఏ దారి వదిలేశారు, అడిగిన ప్రశ్నకు ఎలా జవాబిచ్చారు అన్నవి ముందే తెలిసిపోతే ఇంటర్వ్యూలో సగం పని అయినట్టే. రాసినవారు నిద్రపోతున్నా పాత టపాలు సెర్చ్ ద్వారా కొత్తవారిని చేరుస్తూనే ఉంటాయి. సొంత ఊళ్లో, సొంత ఆఫీసులో పరిచయం అయ్యే అవకాశం లేనివారు ఈ దారిన పరిచయమవుతారు. పుస్తక ఒప్పందాలు, సభల్లో ప్రసంగాలు, కన్సల్టింగ్ పనులు ఎక్కువగా అలాంటివారి ద్వారానే వస్తాయి.

జపాన్‌లో ఉద్యోగం చేసిన అమెరికన్ ప్రోగ్రామర్ ప్యాట్రిక్ మెకెంజీ ఇందుకు మంచి ఉదాహరణ. టీచర్లు తరగతిలో బింగో ఆట ఆడించడానికి కార్డులు తయారుచేసే చిన్న సాఫ్ట్‌వేర్‌ను ఆయన 2006లో అమ్మకానికి పెట్టాడు. ఎన్ని అమ్ముడుపోయాయి, ప్రకటనలకు ఎంత ఖర్చయింది, ఏ ప్రయోగం ఫలించింది అన్న లెక్కలన్నీ బ్లాగులో బయటపెట్టాడు. ఆ సాఫ్ట్‌వేర్ ఆయన్ని గొప్ప ధనవంతుణ్ని చేయలేదు. ఆ లెక్కలు చదివిన కంపెనీలు మాత్రం కన్సల్టెంటుగా పిలిచాయి. ఆ తర్వాత ఆయన చెల్లింపుల సంస్థ స్ట్రైప్‌లో చేరాడు.

ఆస్ట్రేలియాకు చెందిన ట్రాయ్ హంట్ మందుల కంపెనీ ఫైజర్‌లో పనిచేస్తూ వెబ్ భద్రత మీద రాసేవాడు. చోరీకి గురైన ఖాతాల జాబితాలో తమ ఈమెయిల్ ఉందో లేదో ఎవరైనా చూసుకునే ‘హ్యావ్ ఐ బీన్ పోన్డ్’ సైటును ఆయన 2013 డిసెంబరులో తెరిచాడు. 2017లో అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందు నిపుణుడిగా సాక్ష్యం చెప్పాడు. కొన్ని దేశాల ప్రభుత్వాలు తమ విభాగాల చిరునామాలపై నిఘాకు ఆయన సేవను వాడుకుంటున్నాయి.

వీటిని చూసి రాస్తే చాలు ఎదుగుతామనుకోవడం సరికాదు. గెలిచిన బ్లాగులే కంటపడతాయి. కొన్ని నెలలు సాగి ఆగిపోయినవి లెక్కలోకి రావు. నిలిచినవాటిలో ఒక పోలిక ఉంది. రాసేవారి ఘనత చెప్పుకోవడానికి కాక, చదివేవారి పని తేలిక చేయడానికి రాసినవే ఎక్కువ కాలం చదువరుల్ని నిలుపుకున్నాయి.

సాఫ్ట్‌వేర్ రంగం

ఈ రంగంలో బ్లాగులు పనిపద్ధతులనే మార్చాయి. మైక్రోసాఫ్ట్‌లో ఎక్సెల్ బృందంలో పనిచేసిన జోయెల్ స్పోల్‌స్కీ 2000లో న్యూయార్క్‌లో ఫాగ్ క్రీక్ అనే కంపెనీని స్థాపించాడు. అదే ఏడాది బ్లాగు మొదలుపెట్టి, ఆగస్టులో ‘జోయెల్ టెస్ట్’ రాశాడు. అందులో పన్నెండు ప్రశ్నలున్నాయి. సోర్స్ కంట్రోల్ ఉందా, ఒక్క అడుగులో బిల్డ్ తయారవుతుందా, బగ్‌ల జాబితా ఉందా, కొత్త కోడ్ రాసేముందు పాత బగ్‌లు సరిచేస్తారా, పనిచేసేచోట నిశ్శబ్దం ఉందా, ఇంటర్వ్యూలో అభ్యర్థి చేత కోడ్ రాయిస్తారా వంటివి. అన్నింటికీ జవాబు అవును, కాదు అన్న రెండే. పన్నెండు ‘అవును’లు వస్తే బృందం బాగున్నట్టు, పది లేదా అంతకన్నా తక్కువ వస్తే గట్టి జబ్బే ఉన్నట్టు. నాణ్యతా ప్రమాణాల కోసం కంపెనీలు దొడ్డు దస్తావేజులు తయారుచేసుకుంటున్న రోజుల్లో మూడు నిమిషాల్లో ముగిసే ఈ పరీక్షకు ఆదరణ దొరికింది. ఉద్యోగార్థులు ఇంటర్వ్యూలో కంపెనీనే ఈ ప్రశ్నలు అడగసాగారు. సంస్థను తూచే తక్కెడ ఉద్యోగి చేతికి వచ్చింది.

2008లో స్పోల్‌స్కీ, ‘కోడింగ్ హారర్’ బ్లాగు రాసే జెఫ్ ఆట్‌వుడ్ కలిసి స్టాక్ ఓవర్‌ఫ్లో అనే ప్రశ్నోత్తరాల సైటును ప్రారంభించారు. ఇద్దరి చదువరులే దానికి తొలి వాడుకదారులు. హైదరాబాద్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో దాకా ప్రోగ్రామర్ల రోజువారీ పనిలో భాగమైపోయిన ఆ సైటును 2021లో ప్రోసస్ సంస్థ 180 కోట్ల డాలర్లకు కొంది. ఫాగ్ క్రీక్‌లో పుట్టిన ట్రెల్లోను 2017లో అట్లాసియన్ 42.5 కోట్ల డాలర్లకు తీసుకుంది.

రంగమంతా వాడే పేర్లు కూడా ఇలాంటి రాతల నుంచే వ్యాపించాయి. అప్పటికే వాడుకలో ఉన్న కొన్ని వెబ్ సాంకేతికతల కలయికకు జెస్సీ జేమ్స్ గారెట్ 2005 ఫిబ్రవరిలో ‘అజాక్స్’ అని పేరుపెట్టాడు. 2010లో ఈథన్ మార్కాట్ ‘రెస్పాన్సివ్ వెబ్ డిజైన్’ను ప్రతిపాదించాడు. 2014లో జేమ్స్ లూయిస్, మార్టిన్ ఫౌలర్ రాసిన వ్యాసం ‘మైక్రోసర్వీసెస్’ అన్న పద్ధతిని స్పష్టంగా నిర్వచించింది. పేరు స్థిరపడ్డాక దాని మీద పుస్తకాలు, శిక్షణలు, ఉద్యోగ ప్రకటనలు వచ్చాయి.

యాజమాన్యాలను నిలదీసిన టపాలూ ఉన్నాయి. ఉబర్‌లో ఇంజినీరుగా పనిచేసి వచ్చేసిన సూసన్ ఫౌలర్ 2017 ఫిబ్రవరి 19న తన బ్లాగులో అక్కడ గడిపిన ఏడాది అనుభవాన్ని రాసింది. మేనేజర్ లైంగికంగా వేధిస్తే ఫిర్యాదు చేశానని, మానవ వనరుల విభాగం అతన్ని వెనకేసుకొచ్చిందని ఏ తిట్టూ లేకుండా సంఘటనల క్రమంలో వివరించింది. ఉబర్ అమెరికా మాజీ అటార్నీ జనరల్ ఎరిక్ హోల్డర్‌తో విచారణ జరిపించింది. జూన్‌లో ఇరవై మందికి పైగా ఉద్యోగులను తొలగించింది. అదే నెలలో సీఈవో ట్రావిస్ కలానిక్ రాజీనామా చేశాడు. లైంగిక వేధింపుల ఫిర్యాదులను కోర్టుకు వెళ్లనీయకుండా మధ్యవర్తిత్వానికే పరిమితం చేసే షరతును ఉబర్ 2018లో ఎత్తేసింది.

న్యాయ రంగం

వాషింగ్టన్‌లో సొంత ప్రాక్టీసు నడిపిన టామ్ గోల్డ్‌స్టీన్, ఏమీ హౌ దంపతులు 2002లో అమెరికా సుప్రీంకోర్టు కేసుల కోసమే స్కోటస్‌బ్లాగ్ మొదలుపెట్టారు. 2012 జూన్ 28న ఒబామా ఆరోగ్య బీమా చట్టంపై తీర్పు వెలువడింది. బీమా తప్పనిసరి చేయడాన్ని వాణిజ్య అధికారం కింద సమర్థించలేమని ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ తీర్పు ముందుభాగంలో రాశారు. అది చదివిన సీఎన్ఎన్, ఫాక్స్ న్యూస్ చట్టం కొట్టివేశారని ప్రసారం చేసేశాయి. పన్ను విధించే అధికారం కింద అదే చట్టం చెల్లుతుందన్న మాట తర్వాతి పుటల్లో ఉంది. తీర్పులు చదవడమే వృత్తిగా ఉన్న స్కోటస్‌బ్లాగ్ రచయితలు అక్కడిదాకా వెళ్లి సరైన ఫలితం చెప్పారు. మరుసటి ఏడాది ఆ బ్లాగుకు ప్రసార రంగంలో పేరున్న పీబాడీ పురస్కారం దక్కింది. అయినా 2014లో అమెరికా సెనేట్ ప్రెస్ గ్యాలరీ దానికి గుర్తింపు నిరాకరించింది. ప్రాక్టీసు చేసే న్యాయవాదులే నడపడం అభ్యంతరమైంది. బ్లాగుకు బలమైన విషయమే పాత్రికేయ సంస్థల కంటికి లోపంగా కనిపించింది.

భారతదేశంలో దీనికి సమానమైనది స్పైసీ ఐపీ. కేరళలోని కొల్లంలో పుట్టి, బెంగళూరు నేషనల్ లా స్కూల్‌లో, ఆక్స్‌ఫర్డ్‌లో చదివిన షమ్నాద్ బషీర్ దీన్ని 2005లో ప్రారంభించారు. అప్పటికి మన దేశంలో పేటెంట్ చట్టం కొద్దిమంది న్యాయవాదుల గదుల్లో మాత్రమే నలిగే విషయం. అదే ఏడాది మందులపై ఉత్పత్తి పేటెంట్లు తిరిగి అమల్లోకి రావడంతో అది రోగుల సమస్య కూడా అయింది. పేటెంట్ కార్యాలయ ఉత్తర్వులను, కోర్టు పత్రాలను సేకరించి అర్థమయ్యే ఇంగ్లీషులో విశ్లేషించడం బ్లాగు పనిగా పెట్టుకుంది.

హైదరాబాద్‌లోని నాట్కో ఫార్మా కేసు ఆ విశ్లేషణలకు పెద్ద వేదికైంది. కాలేయ, మూత్రపిండ క్యాన్సర్లకు వాడే బేయర్ కంపెనీ మందు నెక్సావర్ నెల కోర్సు ధర అప్పట్లో రూ. 2,80,428. దాన్ని రూ. 8,880కి అమ్మేలా 2012 మార్చిలో పేటెంట్ కంట్రోలర్ నాట్కోకు నిర్బంధ లైసెన్సు ఇచ్చారు. దేశంలో అదే మొదటిది. క్యాన్సర్ మందు గ్లివెక్ మీద నోవార్టిస్ వేసిన కేసులో బషీర్ సుప్రీంకోర్టు ముందు స్వతంత్ర నిపుణుడిగా జోక్యం చేసుకుని వాదన వినిపించారు. 2013 ఏప్రిల్ 1న ఆ కంపెనీ ఓడిపోయింది. పేటెంటు పొందినవారు దాన్ని దేశంలో ఎంతమేర ఉపయోగిస్తున్నారో చెప్పాల్సిన ఫారం 27ను చాలా కంపెనీలు ఎగ్గొడుతున్నాయని సమాచార హక్కు ద్వారా తేల్చి, బషీర్ 2015లో ఢిల్లీ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. ఆ కేసు నడిచాక కేంద్రం 2020లో ఆ ఫారాన్ని, దాని నిబంధనలను సవరించింది. బషీర్‌కు 2014లో ఇన్ఫోసిస్ బహుమతి వచ్చింది. 2019లో ఆయన మరణించారు. విద్యార్థులు, యువ న్యాయవాదులు ఆ బ్లాగును కొనసాగిస్తున్నారు. అక్కడ రాయడం మేధో సంపత్తి న్యాయంలోకి అడుగుపెట్టేవారికి ఒక రకమైన శిక్షణ అయింది.

శాస్త్ర పరిశోధన, ఆర్థికశాస్త్రం

ఫీల్డ్స్ పతక గ్రహీత, కేంబ్రిడ్జ్ గణితవేత్త టిమోతీ గవర్స్ 2009 జనవరిలో తన బ్లాగులో ఒక ప్రతిపాదన చేశాడు. కష్టమైన గణిత సమస్యను వ్యాఖ్యల్లో అందరం కలిసి తేల్చలేమా అని అడిగాడు. ఎంచుకున్నది డెన్సిటీ హేల్స్-జ్యూయెట్ సిద్ధాంతానికి కొత్త నిరూపణ. సగం తోచిన ఆలోచననైనా వెంటనే రాయాలన్నది నియమం. 37 రోజుల్లో 27 మంది దాదాపు 800 వ్యాఖ్యలు రాశారు. అసలు సమస్య తేలిపోయింది. దీని పేరు పాలీమాథ్. 2013లో మొదలై టెరెన్స్ టావ్ బ్లాగు కేంద్రంగా సాగిన ఎనిమిదో పాలీమాథ్, ప్రధాన సంఖ్యల జంటల మధ్య దూరానికి యితాంగ్ ఝాంగ్ నిరూపించిన 7 కోట్ల హద్దును జేమ్స్ మేనార్డ్ పద్ధతితో కలిపి 246కు తగ్గించింది. ఫలితం చూపించే చోటుగా ఉన్న బ్లాగు పరిశోధన జరిగే చోటైంది.

2012 జనవరిలో గవర్స్ రాసిన మరో టపా ప్రచురణ వ్యాపారాన్ని కదిలించింది. జర్నళ్లకు ఎల్సెవియర్ వసూలు చేసే ధరలు, గ్రంథాలయాలకు అంటగట్టే సంపుటాల పద్ధతి నచ్చక ఇకపై ఆ సంస్థకు రాయను, సమీక్షించను అని ప్రకటించాడు. ఒక చదువరి సంతకాల సైటు తయారుచేశాడు. వేలమంది పరిశోధకులు చేరారు. ప్రజాధనంతో జరిగిన పరిశోధనను ఉచితంగా అందించాలనే నిబంధనను అడ్డుకునే బిల్లుకు ఇస్తున్న మద్దతును ఫిబ్రవరి చివర్లో ఎల్సెవియర్ ఉపసంహరించుకుంది.

తప్పుల్ని పట్టడంలోనూ బ్లాగులకు చోటుంది. భాస్వరం బదులు ఆర్సెనిక్‌తో బతికే బ్యాక్టీరియా దొరికిందని 2010 డిసెంబరులో సైన్స్ పత్రికలో పత్రం వచ్చింది. కెనడా సూక్ష్మజీవ శాస్త్రవేత్త రోజీ రెడ్‌ఫీల్డ్ ప్రయోగంలోని లోపాలను రోజుల్లోనే బ్లాగులో ఎత్తిచూపి, తర్వాత తానే ఆ ప్రయోగం చేస్తూ ఫలితాలను టపాలవారీగా బయటపెట్టింది. ఆ పత్రాన్ని సైన్స్ 2025లో ఉపసంహరించింది. ఉపసంహరించిన పత్రాలనే పట్టిచూపేందుకు ఐవాన్ ఒరాన్‌స్కీ, ఆడమ్ మార్కస్ 2010 ఆగస్టులో రిట్రాక్షన్ వాచ్ తెరిచారు.

ఆర్థికశాస్త్రంలో స్కాట్ సమ్నర్ ఉదాహరణ ప్రసిద్ధం. అప్పట్లో బోస్టన్ దగ్గర ఒక చిన్న విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతున్న ఆయన 2009లో బ్లాగు మొదలుపెట్టాడు. కేంద్ర బ్యాంకు ధరల పెరుగుదలను కాక నామమాత్ర జీడీపీని లక్ష్యంగా పెట్టుకోవాలని ఏళ్ల తరబడి వాదించాడు. 2012 ఆగస్టులో ప్రముఖ ఆర్థికవేత్త మైకేల్ వుడ్‌ఫర్డ్ జాక్సన్ హోల్ సమావేశంలో అలాంటి లక్ష్యాన్నే సమర్థించాడు. సెప్టెంబరులో ఫెడరల్ రిజర్వు గడువు చెప్పని బాండ్ల కొనుగోలు ప్రకటించింది. సమ్నర్ కోరిన విధానం యథాతథంగా రాకపోయినా, పెద్ద పీఠాల బయటి వాదన చర్చ మధ్యకు చేరింది.

తెలుగులో

తెలుగు బ్లాగులు 2000ల మధ్యలో ఊపందుకున్నాయి. యూనికోడ్‌తో పాటు వీవెన్ రూపొందించిన లేఖిని టైపింగ్ ఉపకరణం, తెలుగు టపాలన్నిటినీ ఒకచోట చేర్చిన కూడలి ఇందుకు దోహదం చేశాయి. రాసేవారిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, విదేశాల్లో ఉన్న తెలుగువారు ఎక్కువే. అయితే తమ వృత్తి విషయాలను వారు ఎక్కువగా ఇంగ్లీషులోనే రాసి, తెలుగును సాహిత్యానికి, సినిమాకు, ఊరి ముచ్చట్లకు, వంటలకు ఉంచుకున్నారు. క్లయింటు, యాజమాన్యం, సాటి ఇంజినీరు చదివేది ఇంగ్లీషు కావడమే కారణం.

అందువల్ల తెలుగులో బ్లాగు ప్రభావం సినిమా విమర్శ, పుస్తక ప్రపంచాల్లో స్పష్టంగా కనిపిస్తుంది. వెంకట్ సిద్ధారెడ్డి మొదలుపెట్టిన నవతరంగం వివిధ భాషల సినిమాల మీద విస్తారమైన వ్యాసాలు ప్రచురించింది. ఆయన తర్వాత ‘కేస్ నం. 666/2013’ సినిమాకు దర్శకత్వం వహించి, ఆన్వీక్షికి ప్రచురణ సంస్థ ద్వారా కొత్త రచయితల పుస్తకాలు తెచ్చారు. ‘పర్ణశాల’ బ్లాగులో, నవతరంగంలో రాసిన కత్తి మహేశ్ టెలివిజన్‌లో సినీ విమర్శకుడిగా పేరొంది, 2015లో ‘పెసరట్టు’ తీశారు. 2009లో మొదలైన పుస్తకం.నెట్, పత్రికల్లో చోటు తగ్గిపోతున్న పుస్తక పరిచయాలకు చోటిచ్చింది.

చిక్కులు, నియమాలు

తోటి ఉద్యోగుల గురించి రాసి ఉద్యోగం పోగొట్టుకున్న తొలి ప్రముఖులలో ‘డూస్’ బ్లాగు రచయిత్రి హెదర్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఒకరు. 2002లో లాస్ ఏంజెలెస్‌లోని కంపెనీ ఆమెను తీసేసింది. తర్వాత ఆ బ్లాగే ఆమెకు జీవనోపాధి అయింది. 2005లో గూగుల్‌లో కొత్తగా చేరిన ఉద్యోగి ఒకరు కంపెనీ విషయాలు రాసి వారాల్లోనే బయటికి వచ్చేశారు.

మారుపేరు ఎప్పుడూ రక్షించదు. బోస్టన్ పిల్లల డాక్టరు ఒకరు తనపై నడుస్తున్న వైద్య నిర్లక్ష్యం కేసు గురించే మారుపేరుతో బ్లాగులో రాశారు. 2007లో బోనులో ఉండగా ఎదుటి వకీలు ఆ మారుపేరు మీదేనా అని అడిగారు. డాక్టరు అవునన్నారు. కేసు వెంటనే రాజీతో ముగిసింది. ఇంగ్లండ్‌లో ‘నైట్‌జాక్’ పేరుతో పోలీసు జీవితం రాసిన డిటెక్టివ్‌కు 2009లో ఆర్వెల్ బహుమతి వచ్చింది. కొద్ది వారాలకే ది టైమ్స్ పత్రిక అసలు పేరు బయటపెట్టింది. బ్లాగు ఆగిపోయింది. ఆయన ఈమెయిలును దొంగచాటుగా తెరిచారని తర్వాత తేలి, పత్రిక పరిహారం చెల్లించింది. మహిళలకు వేధింపు అదనపు మూల్యం. ప్రోగ్రామింగ్ పుస్తకాల రచయిత్రి క్యాథీ సియెరా 2007లో చంపుతామన్న బెదిరింపుల వల్ల ప్రసంగం రద్దుచేసుకుని బ్లాగు మానేసింది.

సంస్థలు మొదట నిషేధాలతో, తర్వాత నియమాలతో స్పందించాయి. ఐబీఎం 2005లో ఉద్యోగుల చేతే బ్లాగు మార్గదర్శకాలు రాయించింది. సొంత పేరుతో రాయాలి, సంస్థ అభిప్రాయం కాదని చెప్పాలి, క్లయింటు రహస్యాలు బయటపెట్టకూడదు అన్నవి అప్పటినుంచి చాలా కంపెనీల నియమాల్లో కనిపిస్తాయి. మన దేశంలో పరిధులు వృత్తిని బట్టి మారతాయి. న్యాయవాదులు ప్రచారం చేసుకోవడాన్ని బార్ కౌన్సిల్ 36వ నియమం నిషేధిస్తుంది. 2008 సవరణ కొన్ని వివరాలతో వెబ్‌సైటుకు మాత్రం అనుమతించింది. అందుకే చట్టాన్ని విశ్లేషించే బ్లాగుకూ ప్రాక్టీసు ప్రచారానికీ మధ్య గీత జాగ్రత్తగా గీసుకోవాలి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు ప్రభుత్వ విధానాన్ని బహిరంగంగా విమర్శించడాన్ని 1964 ప్రవర్తనా నియమావళి అడ్డుకుంటుంది. ఫలానా షేరు కొనమని వృత్తిగా సలహా ఇవ్వాలంటే సెబీ 2014 నిబంధనల ప్రకారం నమోదు కావాలి. డబ్బు తీసుకుని చేసే ప్రచారానికి ఆ సంగతి చెప్పి తీరాలని ప్రకటనల ప్రమాణాల మండలి 2021లో మార్గదర్శకాలు ఇచ్చింది.

ఇప్పటి స్థితి

ఆర్‌ఎస్‌ఎస్ ద్వారా వచ్చే టపాలను చదువుకునే గూగుల్ రీడర్ 2013 జూలై 1న మూతపడింది. చర్చ ట్విట్టర్‌కు, లింక్డిన్‌కు, యూట్యూబ్‌కు మళ్లింది. 2012లో వచ్చిన మీడియం, 2017లో వచ్చిన సబ్‌స్టాక్ రచయితకు సొంత సైటు నడిపే శ్రమ తగ్గించాయి. బదులుగా చదువరుల జాబితా, ఆదాయం కొంతమేర వేదిక చేతుల్లోకి వెళ్లాయి. ప్రశ్నకు జవాబును కృత్రిమ మేధ అక్కడికక్కడే చెప్పేస్తుంటే అసలు టపా దాకా వచ్చే చదువరులు తగ్గుతారన్న ఆందోళన కూడా ఉంది. ఆ జవాబుకు ముడిసరుకు మాత్రం ఇలాంటి టపాలే.

పాత పద్ధతి పూర్తిగా పోలేదు. వెబ్ ఫ్రేమ్‌వర్క్ జాంగో రూపకర్తల్లో ఒకరైన సైమన్ విల్లిసన్ 2002 నుంచి బ్లాగు రాస్తున్నాడు. భాషా నమూనాలను మాటలతో మోసగించే దాడికి 2022 సెప్టెంబరులో తన బ్లాగులో ‘ప్రాంప్ట్ ఇంజెక్షన్’ అని పేరుపెట్టి, అది ఎలా జరుగుతుందో వివరించాడు. సాఫ్ట్‌వేర్ భద్రతా ప్రమాణాలు రూపొందించే ఓవాస్ప్ భాషా నమూనాల ముప్పుల జాబితాలో ఆ పేరే మొదటి స్థానంలో ఉంది. ఏ సంస్థ ముద్రా లేకుండా ఒక నిపుణుడు రాసిన టపా రంగం మొత్తం వాడే ప్రమాణంలోకి చేరగలదనడానికి ఇది ఇటీవలి రుజువు.